రెండిళ్ళ లెక్కలో లేని మనిషి

సమ్మె మొదలైన నాటినుండి జగిత్యాలలో ఏ పనికీ నిలకడ లేకపోయింది. బస్సులు డిపోలో నిలిచిపోయాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గు గనులలో పని ఆగినందువల్ల కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పగలవారు లేరు. పొద్దున్నే పత్రిక విప్పి, ఆనాడు ఎక్కడ రాస్తారోకో, ఎక్కడ వంటావార్పు అని చూసుకొన్న తరువాత గాని ఆ పూట పాఠమేమిటో నిర్ణయించుకొనేవాణ్ణి కాను. నిర్ణయించుకొన్న పాఠాన్ని హాలు చేరేలోగా మళ్ళీ మార్చేవాణ్ణి. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. రాష్ట్రం వస్తుందా, రాదా అన్న ప్రశ్న తప్ప ఊరిలో మరో ప్రశ్నకు చోటులేని ఆ రోజుల్లో పట్టికలనూ గడులనూ గురించి మాట్లాడటానికి నాకే సంకోచంగా ఉండేది.

నేను వైద్య కళాశాలలో ఆరోగ్య గణాంకాలు బోధించి విరమించినవాణ్ణి. ప్రజారోగ్యంలో పీజీ చదువుతున్న విద్యార్థులకు, పల్లెల్లోనూ పట్టణాల్లోనూ సేకరించిన ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటరులోకి ఎక్కించడం, తప్పొప్పులు సరిచూడటం, దానివల్ల ఎవరికి ఏ సాయం అందాలో తేల్చడం నేర్పే శిక్షణ ఒకటి రూపొందించి పెట్టమని విశ్వవిద్యాలయంవారు అడిగారు. హైదరాబాదునుండి వచ్చిన నమూనా ప్రణాళికలో అన్నీ ఊహాకల్పితమైన రోగాలు, ఊహాకల్పితమైన రోగులు. అది చదువుతూంటే ఎన్నడూ ఎవరూ పాడని రాగానికి స్వరలిపి రాసిపెట్టినట్టు తోచింది. దాన్ని పక్కన పెట్టాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో రాబోయే నెలలో ప్రసవించవలసిన స్త్రీల వివరాలు విద్యార్థులే స్వయంగా సేకరించాలి. మూడు ఊళ్ళ వివరాలనూ ఒక్కటి చేసి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని పైన, తక్కువగా ఉన్నవారిని కింద పేర్చి, ఆ పట్టికను వైద్యాధికారి చేతిలో పెట్టాలి. ఇదే శిక్షణ, ఇదే పరీక్ష. వైద్యాధికారి సమ్మతించారు. మూతపడిన ఒక కళాశాలవారు హాలు ఇచ్చారు.

నా బాల్యం నిఘంటువు వల్లెవేస్తూ గడిచింది. ఒక్క వస్తువుకు అనేక నామాలుండటం ఆనాడు మాకు సంపద. కంప్యూటరు ముందు అదే పెద్ద దోషం. ఒకే మనిషి రెండు పేర్లతో రెండు ఊళ్ళలో నమోదైతే ఇద్దరవుతుంది. ఎక్కడా నమోదు కాకపోతే అసలు పుట్టనే లేదవుతుంది. అందుచేత శిక్షణలో ఎక్కువ భాగం ఈ ఒక్క విద్యకే కేటాయించాను: పేర్లు వేరైనా మనిషి ఒకరేనని గుర్తుపట్టడం.

సమ్మెకు ముందే విద్యార్థులు జట్లుగా మూడు ఊళ్ళూ తిరిగివచ్చారు. సిరిసిల్ల జట్టుకు ఆ ఊరి పిల్లే పెద్ద. తండ్రి సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను ఆ ఊళ్ళో అట్లాగే అంటారు. ఆ చప్పుడు మధ్య పెరిగినందుకో ఏమో, ఆమె మెల్లగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. కోరుట్ల జట్టుకు పెద్ద ఆ ఊరి పిల్లవాడు. తండ్రీ అన్నా దుబాయిలో ఉంటారు. ఇంగువ కట్టిన గుడ్డలా అత్తరు వాసన అతనికంటె ముందే హాలులోకి వచ్చేది.

పట్టికను వైద్యాధికారికి అప్పగించవలసిన రోజుకు ముందటి రోజు పొద్దున, మూడు ఊళ్ళ వివరాలూ ఒక్కచోటికి చేర్చాం. ఇన్వర్టరు మీద ఒకే కంప్యూటరు నడుస్తోంది. అందరూ దాని చుట్టూ మూగారు. ప్రమాదక్రమంలో పేర్చగానే అన్నిటికన్నా పైన ఒక వరుస నిలిచింది. నమోదైన ఊరు సిరిసిల్ల. రెండవ కాన్పు. మొదటి శిశువు పుట్టుకలోనే పోయింది. రక్తం భయపెట్టేటంత తక్కువ. నెలలు నిండాయి. ఆ వరుస చివర మాత్రం రెండుమార్లు ఒకే మాట రాసి ఉంది: ఇంట లేదు.

అప్పటికే వాడుకలో ఉన్న నిబంధన ప్రకారం, రెండుమార్లు వెళ్ళినా కనబడని మనిషిని 'వలస' అని గుర్తుపెట్టాలి. అట్లా గుర్తుపెట్టిన మరుక్షణం ఆ వరుస పట్టికనుండి తొలగిపోతుంది. సమ్మె వల్ల వాహనాలు లేవు. తిరగగలిగిన కొద్దిమంది నర్సులు ఆ పట్టికలో ఉన్న గడపలకే పోతారు. అంటే ఆ 'వలస' మీట నొక్కితే ఆ స్త్రీకోసం ఇక ఎవరూ వెదకరు.

"కొట్టెయ్యి చెల్లె," అన్నాడు కోరుట్ల పిల్లవాడు, కంప్యూటరు ముందు కూర్చున్న సిరిసిల్ల పిల్లతో. "భివండి మగ్గాలకు పోయుంటది. మీ సిరిసిల్లోళ్ళు సగంమంది ఆడనే ఉంటరు గదా."

"మీ కోరుట్లోళ్ళు సగంమంది దుబాయిల ఉంటరు. వాళ్ళందర్ని కొట్టినవా అన్నా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"భివండి పోయింది ఆమె పెనిమిటి. ఫోన్ జేస్తె కలుస్తలేదు. ఆమె తల్లిగారింటికి పోయిందని అత్తనే నాతోని చెప్పింది. కోరుట్లల బీడీల కార్ఖాన ఎనుక గల్లి అన్నది. మీరు ఆ గల్లి తిరిగిన్రా, తిరుగకుంటనే చాయ్ తాగి అచ్చిన్రా?"

"ఇల్లిల్లు తిరిగినం. నేనే అడిగిన. 'మీ ఇంట్ల గర్భిణీలు ఎవలన్న ఉన్నరా' అని ఒక్క గడప ఇడువకుంట అడిగిన. ఎవ్వలు లేరన్నరు. నా మాట నమ్మకుంటె పోయి చూస్కో."

"పోత."

"ఎట్ల పోతవ్? నీ కోసం బస్సు ఏస్తరా?"

"నడుసుకుంట పోత. నీకేంది?"

ఆమె వేలు మీట మీదనే ఉంది, కాని నొక్కలేదు. తల తిప్పి, "సార్, కొట్టమంటరా?" అని నన్నడిగింది.

నేను అప్పటికి ఆ హాలులో ఆ చివరనుండి ఈ చివరకు ఎన్నోమార్లు తిరిగాను. పద్యంలో ఒక్క గణం తప్పితే అర్థం కుదిరినా చెవి ఒప్పుకోదు; ఆ వరుసను చూస్తే నాకు అట్లాగే ఉంది. అత్తగారు అబద్ధం చెప్పే అవసరం కనబడదు. ఈ పిల్లవాడు గడప వదిలిపెట్టే రకం కాదు. ఇద్దరూ నిజమే చెబుతూంటే, నెలలు నిండిన మనిషి ఎక్కడికి పోయినట్టు? "కొట్టవద్దు. ముగ్గురం పోదాం పదండి," అన్నాను. భోజనం మాట కూడా ఎవరూ తలపెట్టలేదు.

షేర్ ఆటో దొరకటమే గగనమైంది. దొరికిన ఆటోవాడు, రోడ్డు ఎక్కడ ఆపితే అక్కడే దించుతానని ముందే చెప్పాడు. సగం దూరం పోయేసరికి అన్నంత పనీ అయింది. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి. బండి వెనక రాళ్ళ పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తారు రోడ్డు మీదనే వండుతున్నారు, డప్పు కొడుతున్నారు. నేను దిగి, ఒక స్త్రీ ప్రాణం మీదికి వచ్చిన పని మీద పోతున్నామని చెప్పాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాని ముందు నిలిపిన ట్రాక్టరు వెనక్కి తీయాలి. దాని డ్రైవరు ఎటో పోయాడు. వాణ్ణి పిలవటానికి మనిషిని పంపి, అంతదాకా కూర్చోమన్నారు.

"నాలుగు మెతుకులు తిని పోన్రి సారూ. ఉపాసముంటె తెలంగాణ అస్తదా?" అంటూ వడ్డిస్తున్న ఒక పెద్దావిడ మా ముందు ఇస్తరాకులు పరిచింది.

కాలు నిలవని నన్ను ఆ వేడి తారు మీద కూర్చోబెట్టటం అంతకుముందు ఎవరికీ సాధ్యమై ఉండదు. అన్నం కలుపుతున్నానే గాని కళ్ళు ట్రాక్టరు మీదనే ఉన్నాయి. వడ్డించేవాళ్ళు ఆ పిల్ల చుట్టూ చేరారు.

"ఏ ఊరు బిడ్డా?"

"సిరిసిల్ల అవ్వా."

"తల్లిగారూరా, అత్తగారూరా?"

"లగ్గం కాలే. తల్లిగారూరే."

"గట్లయితె ఇప్పుడే జెర మీ ఇంటి పప్పు మంచిగ తిను. లగ్గమైన తెల్లారి అదే ఇంట్ల నువ్వు సుట్టానివి. పండుగకు అచ్చిపోవుడే. మీ అమ్మను ఎవలన్న అడిగితె, మా ఇంట్ల ఆడివిల్లలే లేరంటది సూడు!"

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. వారిలో ఒకామె, "మా అవ్వ గట్లనే అన్నది. ఓట్ల లెక్కకు అచ్చినోనితోని, నన్ను ముంగట కూసోవెట్టుకొనే లేదన్నది," అని మరింత నవ్వించింది.

మా పిల్ల చేతిలో ముద్ద అట్లాగే నిలిచిపోయింది. కోరుట్ల పిల్లవాని వైపు తిరిగి, "అన్నా, నువ్వు అడిగిన మాట మళ్ళొకసారి చెప్పు," అంది.

"ఏ మాట?"

"ఇల్లిల్లు తిరిగి ఏమని అడిగినవ్?"

"మీ ఇంట్ల గర్భిణీలు ఎవలన్న..." అతను పూర్తి చేయలేదు. ఆకు ముందునుంచి లేచి నిలబడ్డాడు. "లేరనే అంటరు గదా," అన్నాడు మెల్లగా. "మా అక్క పురుడుకు అచ్చినప్పుడు మా అమ్మ గట్లనే అనుండొచ్చు. ఆమె మా ఇంటి లెక్కల లేదు."

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అత్తగారింట ఆమె లేదు, తల్లిగారింటికి పోయింది గనుక. తల్లిగారింట ఆమె లేదు, అత్తగారింటి మనిషి గనుక. రెండు సమాధానాలూ అక్షరాలా సత్యాలే. ఈ ప్రాంతంలో మొదటి ఒకటి రెండు కాన్పులకు పుట్టింటికి పోవటం అందరూ పాటించే ఆచారం. అంటే మా పట్టికలో ఇట్లాంటివాళ్ళు ఇంకెందరో! ఈమె మేము వెదికినందున తెలిసిన మనిషి మాత్రమే. ట్రాక్టరు కదిలేసరికి మేము బండి దాటి చాలా దూరం నడిచి ఉన్నాం. ఆటో వెనకనుండి వచ్చి ఎక్కించుకొంది.

బీడీల కార్ఖానా వెనక గల్లీలో ఈసారి ప్రశ్న మార్చాం. "పురుడుకు బిడ్డ అచ్చిందా?" అని అడగడమే తడవుగా రెండవ గడపలోనే జవాబు దొరికింది. వాకిట్లో చాటలో తునికాకు ముందేసుకొని బీడీలు చుడుతున్న నడివయసు స్త్రీ తల ఎత్తకుండానే, "అచ్చింది. సిరిసిల్లకెల్లి. లోపట పండుకున్నది," అంది.

కోరుట్ల పిల్లవాడు నొసలు కొట్టుకొన్నాడు. "మొన్న నేనచ్చినప్పుడు లేరంటివి గదనే పెద్దమ్మా!"

"నువ్వు మా ఇంటోళ్ళను అడిగినవ్ కొడుకా. మా ఇంట్ల కోడండ్లు లేరు. ఉన్నమాటే చెప్పిన. బిడ్డను అడుగకపోతివి."

లోపల చాప మీద పడుకొన్న స్త్రీని చూడగానే నా ఆతురత రెట్టింపైంది. నేను రోగిని తాకి చూసే వైద్యుణ్ణి కాను. అయినా తెల్లబడిన పెదవులూ, ఉబ్బిన పాదాలూ చదవటానికి వైద్యుడే కానక్కరలేదు. పొద్దుటినుండి నడుము నొస్తోందని ఆమె చెప్పింది. జగిత్యాల ఆసుపత్రికి వెంటనే పోవాలని, రక్తం ఎక్కించకుండా కాన్పు జరిగితే ప్రాణానికే ముప్పని నేను తల్లికి చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టింది గాని లేవలేదు.

"నేనెట్ల తీస్కపోత సారూ? వాళ్ళ కోడలు. వాళ్ళ మాట లేకుంట దవాఖానకు తోల్కపోతె, రేపేమన్న అయితె తల్లే సంపుకున్నదంటరు. మొదటిపారి పడ్డ మాటలు ఇంక మరువలే."

మా పిల్ల వెంటనే తన తండ్రికి ఫోను చేసింది. ఆయన సిరిసిల్లలో రెండు గల్లీల అవతల ఉన్న ఆ ఇంటికి ఉరుకులతో పోయి, అత్తగారి చేతికి ఫోనిచ్చాడు. కరెంటు లేక సాంచాలు ఆగి ఉన్నాయి కాబోలు, ఆమె గొంతు మా అందరికీ వినబడింది.

"ఆడున్నన్ని దినాలు తల్లిదే పెత్తనం. నేను పొమ్మని చెప్పి, ఏమన్న అయితె అత్తనే పంపిందంటరు. వాళ్ళెట్ల చేస్తె గట్ల."

"వాళ్ళు నువ్వెట్లంటె గట్లంటున్నరు అవ్వా! జెర గట్టిగ ఒక్క మాట చెప్పు," అని మా పిల్ల అరిచింది.

"తల్లి ఉండంగ నేనెవలిని చెప్పనీకి?"

ఫోను చేతులు మారుతూనే ఉంది. ఇటువారు అటువారికి గౌరవంగా అప్పగిస్తున్నారు, అటువారు ఇటువారికి. ఎవరి మాటలోనూ కాఠిన్యం లేదు. అందరూ ఆమె బాగునే కోరుతున్నారు. గుమ్మంలో నిలబడి నేను ఆటో ఇంజను ఆగిందేమోనని చూస్తూ, మళ్ళీ లోపలికి తొంగిచూస్తూ, ఏ చోటా నిలవలేకపోయాను.

అప్పుడు చాప మీదనుండి ఆ స్త్రీ మోచేతి మీద లేచింది.

"మొదటి కాన్పప్పుడు గిట్లనే," అంది. గొంతు పెంచలేదు. "పొద్దుందాక వాళ్ళను అడుగున్రి అని వీళ్ళు, వీళ్ళను అడుగున్రి అని వాళ్ళు. నొప్పులు నాకు అస్తున్నయి. నన్ను ఒక్కలన్న అడిగిన్రా? అటెంక నన్ను దొరకబట్టుకొని ఏడిసిన్రు. నేను పోత. ఏమన్నయితె నేనే పోయిన అని చెప్పున్రి. అమ్మా, రెండు చీరెలు సంచిల పెట్టు."

తల్లి ఒక్కసారి ఆమె వైపు చూసి, గూట్లోనుండి చీరలు లాగింది. ఫోనులో అత్తగారు, "ఏమంటుంది, ఏమంటుంది?" అని అడుగుతూనే ఉంది. "పోతున్నదట," అంది మా పిల్ల.  ఫోనులోనుండి, "మరి మెల్లగ తోలుమనున్రి. గుంతలున్నయి," అన్న మాట వినవచ్చింది.

తిరుగు దారిలో కోరుట్ల పిల్లవాడు ఆటో వెనక వేలాడుతూ వచ్చాడు. వంటలు ముగిసిన రోడ్డు మీద అతను దూకి ముందుగా పరుగెత్తేసరికే జనం బండిని పక్కకు నెట్టారు. ఆసుపత్రిలో ఆమెను చేర్చుకొని రక్తం ఎక్కించారు. రక్తం ఇచ్చినవాళ్ళలో ఆ పిల్లవాడూ ఒకడు. మరుసటి రోజు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని వైద్యురాలు చెప్పేదాకా మా పిల్ల వరండాలో నాకు ఎదురుగా నడుస్తూనే ఉంది. మేమిద్దరం ఒకరినొకరం దాటుకొంటూ ఎన్ని చక్కర్లు కొట్టామో ఆ వరండాకే తెలియాలి.

ఆ ఉదయమే వైద్యాధికారికి పట్టిక ఇవ్వలేనని కబురు పంపాను. కారణం విని, ఆయన గడువు పెంచారు. 'ఇంట లేదు' అని రాసిన ప్రతి వరుసనూ తెరిచి, పుట్టినిల్లు ఎక్కడో కనుక్కొని, ఆ ఊళ్ళో కొత్త ప్రశ్నతో మళ్ళీ వెదకాలని మిగతా విద్యార్థులకు పని పంచాను. ఒక మనిషికి ఒక ఊరు అన్న గడిని చెరిపి, మెట్టినిల్లు, పుట్టినిల్లు, ఇప్పుడున్న ఇల్లు అని విడదీశాం. చేసిన పనికి కొంత తృప్తి కలిగిన మాట నిజం. ఆ తృప్తి సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

సాయంత్రం వార్డులో ఆమెను చూడబోయాం. బిడ్డ పక్కన పడుకొని ఉంది. అత్తగారు ఒక బంధువు మోటారు సైకిలు మీద సిరిసిల్లనుండి వచ్చి, మంచం ఒక పక్క కూర్చుంది. తల్లి మరో పక్క. మా పిల్ల ఎంతో ఉత్సాహంగా, "అక్కా, ఇగనుంచి నీ పేరు రెండు ఊర్లల్ల ఉంటది," అని చెప్పింది.

ఆమె బిడ్డ మీది గుడ్డ సర్దింది. "ఐదో నెలల నేను అత్తగారింటికి పోత. పిల్లకు టీకలు అప్పుడు ఎవలేస్తరు? ఆ ఊల్లె ఏసిన్రనుకుంటరు ఈడోళ్ళు, ఈ ఊల్లె ఏసిన్రనుకుంటరు ఆడోళ్ళు. రెండు ఊర్లల్ల ఉంటె రెండు ఊర్లోళ్ళు మరువరా?"

మా పిల్ల నా వైపు చూసింది.  గడులు పెంచాం గాని, ఒక ఊరి చేతినుండి మరో ఊరి చేతికి మనిషిని అందించే పద్ధతి ఏదీ మేము రాసుకోలేదు. మంచానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు స్త్రీలూ, ఎవరు ముందు మాట్లాడితే ఏమవుతుందోనన్నట్టు, బిడ్డ ముఖమే చూస్తున్నారు.

కోరుట్ల పిల్లవాడు బయటికి పోయాడు. ఆ వార్డులో తన ఊరివాళ్ళను చూడవచ్చిన కోరుట్ల నర్సును వెంటబెట్టుకొని తిరిగివచ్చాడు. సిరిసిల్ల నర్సు నంబరు మా పిల్ల దగ్గర ఉంది. ఫోను కలిపి, అందరికీ వినబడేటట్టు మంచం మీద పెట్టారు.

"అక్కా, గీమె నా దగ్గర ఐదో నెలదాక," అంది కోరుట్ల నర్సు. "బయలెల్లేనాడు నేనే నీకు ఫోన్ జేస్త. నువ్వు ఇంటికి పోయి చూసి మళ్ళ నాకు చెప్పాలె. నువ్వు చెప్పేదాక నా లెక్కలకెల్లి ఆమె పేరు తియ్య."

"నేను చూసినంకనే తియ్యి," అంది అవతలి గొంతు. "పోయినసారి గట్ల ఒకామెను పోగొట్టుకున్నం. బాలింత ఏమంటదో అడుగు."

నర్సు ఫోనును ఆమె నోటి దగ్గరికి జరిపింది. ఆమె అత్త వైపు గాని తల్లి వైపు గాని చూడలేదు. "నేను బయలెల్లెటప్పుడు నేను గూడ ఫోన్ జేస్త," అంది. "నంబరు చెప్పున్రి."

మా పిల్ల నంబరు చెబుతూంటే, ఆమె పెదవులతో దాన్ని మళ్ళీ మళ్ళీ అనుకొంటూ ఉంది. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. రేపటి పాఠం మళ్ళీ మారిపోయింది.